గింజ చూసిన మూడు దెయ్యాలు

చీకటంటే నాకు భయం లేదు. అసలు చీకటే నన్ను చూసి భయపడుతుంది. నేను ఒక్కసారి కొమ్ములు విసిరానంటే అమావాస్య కూడా రెండడుగులు వెనక్కి వేస్తుంది.

(ఈ మాటలు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, పక్కన ఎద్దు ఉండగా చెబుతున్నాను. కొమ్ములు కూడా ఇంకా రాలేదు. వచ్చే చోట కాస్త దురద పెడుతోంది, అంతే.)

నా పేరు చెంగడు. మేకపిల్లని. మాది ఏటి ఒడ్డున ఉన్న పుచ్చతోట. తోట మధ్యలో రైతు పాక, పాక చుట్టూ ముళ్ళకంచె. ఆ కంచె లోపల మేమంతా ఉంటాం. అందరికంటే పెద్ద సింగన్న తాత. ముసలి ఎద్దు. ఒక ప్రశ్న వేస్తే జవాబు వచ్చేలోపు నేను పోయి కాసిన్ని తుమ్మకాయలు తినేసి రావచ్చు. తర్వాత జమేదారు మామ. కుక్క. కాకి ఎగిరినా కేసు పెట్టేస్తాననే రకం. ఆ తర్వాత సూరమ్మత్త అనే కోడి, ఆమె పిల్లలు. ఆ పిల్లల్లో అందరికంటే చిన్నది గింజ. ఈ గొడవంతా గింజ గురించే.

పొద్దు గూకగానే రైతు సూరమ్మత్తనీ పిల్లల్నీ పెద్ద వెదురు గంప కింద మూసేసి, గంప మీద ఒక బండరాయి పెడతాడు. ఏ పుచ్చతోటలోనైనా కోళ్ళకి అదే ఇల్లు, అదే తాళం. మిగతా పిల్లలు అమ్మ రెక్కల్లో దూరి నిద్రపోయేవి. గింజ మాత్రం గంప సందులోంచి బయటికి చూసేది. చూసి "అమ్మో, వచ్చింది!" అని అరిచేది. తోటంతా లేచేది.

అందరం సాయం చేశాం. మా సాయం చూస్తే దెయ్యాలకే జాలి వేయాలి.

"నా డ్యూటీలో దెయ్యమా? నో ఎంట్రీ! కళ్ళు మూసుకుని పడుకో," అని జమేదారు మామ హుకుం జారీ చేశాడు.

సూరమ్మత్త ఎండుమిరపకాయ ముక్కున కరుచుకుని పిల్ల చుట్టూ తిరిగి దిష్టి తీసింది. తీస్తూ తీస్తూ తుమ్మింది. ఆ తుమ్ముకి మిగతా పిల్లలు కూడా జడుసుకున్నాయి.

నేను జోలపాట పాడాను. దాని గురించి మాట్లాడొద్దని అందరూ ఒట్టు వేయించుకున్నారు.

రోజురోజుకీ గింజ చిక్కిపోయింది. పగలు గింజలు ఏరుతూ ఏరుతూ నిలబడే తూగేది. ఓసారి నీళ్ళ మూకుడులో ముక్కు పెట్టి అలాగే నిద్రపోతే, నేను పక్కకి లాగకపోతే మునిగేదే. సూరమ్మత్త ఏడుపు మొదలుపెట్టింది. "నా బిడ్డ దక్కదేమో పెద్దయ్యా," అని సింగన్న తాతతో అంది. తాత నెమరు వేస్తూ ఉన్నాడు. జవాబు ఇంకా బయల్దేరలేదు.

జవాబు కంటే ముందు నక్క వచ్చాడు.

రైతు, జమేదారు మామ సంతకి వెళ్ళిన సాయంత్రం అది. కంచె అవతల నిలబడి, చెవి వెనక నెమలీక ఒకటి దోపుకుని, తోక మీద బూడిద రాసుకుని, కళ్ళు అరమోడ్చి ఏదో గొణుగుతున్నాడు. సరిగ్గా చెప్పాలంటే ఒక కన్నే అరమోడ్చాడు. ఎడమది. అది ఎప్పుడూ సగమే తెరుచుకునేది.

"ఆ కన్ను ఏమైంది మామా? కందిరీగ కుట్టిందా?" అన్నాను.

"ధ్యానం నాయనా, ధ్యానం. సగం లోకాన్ని చూస్తుంది, సగం లోపలికి చూస్తుంది," అన్నాడు నక్క. తర్వాత సూరమ్మత్త వైపు తిరిగి, "చెల్లెమ్మా, నీ చిన్నదానికి రాత్రిళ్ళు ఏవో కనపడుతున్నాయి కదూ?" అన్నాడు.

సూరమ్మత్త కంచె దగ్గరికి పరుగెత్తింది. "నీకెలా తెలుసు అన్నయ్యా?"

"నాకు తెలియనిదేముంది! నేను మాంసం మానేసి ఏడాదయింది. పుచ్చకాయలే ఆహారం. ఆ శుద్ధికి అన్నీ కనిపిస్తాయి. చూడు తల్లీ, నీ గంపలో ఒక దెయ్యం ఇరుక్కుపోయింది. బయటికి పోవాలని దాని గోల. పైన బండరాయి ఉంటే ఎట్లా పోతుంది? ఆ బరువే నీ పిల్ల గుండె మీద పడుతోంది."

"మరి ఏం చేయాలి?"

"చాలా తేలిక. రేపు రాత్రి కరెంటు వచ్చి మీ రైతు మోటారు వేయడానికి పోతాడా, అప్పుడు ఆ రాయి తీసేయండి. గంప అంచు కింద చిన్న పుల్ల పెట్టి ఎత్తండి. మీరంతా లోపలే కళ్ళు మూసుకుని ఉండండి. చప్పుడైనా తెరవకూడదు. నేను వచ్చి దెయ్యాన్ని పట్టుకుపోతాను. దక్షిణ ఏమీ వద్దు. నాకు సేవే దక్షిణ."

సూరమ్మత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవుడిలా వచ్చావు అన్నయ్యా!"

నక్క నాలుకతో మూతి ఒకసారి తుడుచుకుని వెళ్ళిపోయాడు. పుచ్చకాయల మీద భక్తి అంత ఎక్కువ కాబోలు అనుకున్నాను.

అప్పుడు సింగన్న తాత నోరు విప్పాడు.

"గింజా, ఇలా రా. రాత్రి నువ్వు ఏం చూస్తావో మొదటి నుంచీ చెప్పు."

ఆ మాట వినగానే మేమందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళూ పిల్లని ఊరుకోబెట్టాం, కసిరాం, మిరపకాయ తిప్పాం. ఏం చూశావే అని ఒక్కరం అడగలేదు.

గింజ కూడా ఆశ్చర్యపోయింది. ఆయన గిట్ట ఎక్కి కూర్చుంది.

"మూడు తాతా. ఒకటి తెల్లది. తల ఉండదు. చేతులు మాత్రం పొడుగ్గా కిందికి వేలాడతాయి. రా రా అని పిలుస్తుంది. రెండోది రెండు పచ్చ దీపాలు. కింద, కంచె దగ్గర. జమేదారు మామ రైతు వెంట మోటారు దగ్గరికి పోగానే వస్తాయి. ఒక దీపం పెద్దది, ఒకటి సగమే వెలుగుతుంది. తర్వాత అవి గంప దగ్గరకొస్తాయి. వాసన చూస్తాయి. పైన రాయి కదులుతుంది, మళ్ళీ ఆగిపోతుంది."

"మూడోది?"

"మూడోది కనపడదు. వినపడుతుంది. టకటకటక. గంప పక్కనే."

నేను దగ్గాను. గొంతులో తుమ్మకాయ అడ్డం పడింది.

"మంచిది," అన్నాడు తాత. "రేపు తెల్లారగానే చూద్దాం."

తెల్లారింది. రైతు ఇంకా లేవలేదు. జమేదారు మామ మాత్రం గంప బయటే కాపలా ఉన్నాడు.

"రైతు వచ్చి రాయి తీయకముందే, నువ్వు రాత్రి చూసే సందులోంచే చూడు," అని తాత గింజకి చెప్పాడు. "నేను ఇక్కడే ఉన్నాను. ఏం కనపడుతోంది?"

గింజ సందుకి కన్ను ఆనించింది. తర్వాత కిసుక్కుమని నవ్వు. "తాతా! తలలేనిది రైతు చొక్కా! దండెం మీద తలకిందులుగా ఆరేశాడు!"

"చేతులు?"

"అవీ చొక్కావే! ఒక చేతికి కొస లేదు, ఎవరో నమిలేశారు!"

అందరూ నా వైపు చూశారు. ఉప్పగా ఉంటుంది, నేనేం చేయను.

"సరే. ఇప్పుడు దీపాలు వచ్చే చోటు చూడు."

ఈసారి నవ్వు రాలేదు. "కంచెలో కంత ఉంది తాతా. ముల్లుకి ఎర్రటి బొచ్చు పట్టుకుంది. ఒక నెమలీక పీచు కూడా."

సగం వెలిగే దీపం, సగం తెరిచే కన్ను. ధ్యానం ఎక్కడ జరుగుతోందో అప్పుడు అందరికీ అర్థమైంది. జమేదారు మామ కోపంతో ఊగిపోయాడు. "నా కంచెలోనా! నా డ్యూటీలోనా! ఇప్పుడే వెళ్ళి..."

"నువ్వు ఎప్పటిలాగే మోటారు దగ్గరికి పో," అన్నాడు తాత. "మేం ఆయన చెప్పినట్టే చేస్తాం. రాయి తీస్తాం, పుల్ల పెడతాం. గురువుగారి మాట జవదాటకూడదు." తర్వాత గింజ వైపు వంగాడు. "నా కళ్ళకి చూపు ఆనదు. ఆ దీపాలు ఎలా ఉంటాయో, ఎటు నడుస్తాయో నీకొక్కదానికే తెలుసు. నా మూపురం మీద కూర్చుని చూసి చెబుతావా?"

"నేనా?" అంది గింజ.

"నువ్వు కాకపోతే ఎవరు? చెంగడా?"

ఈ ముసలాయనకి ఈ వెటకారం ఎక్కణ్ణించి అబ్బిందో నాకు తెలియదు.

ఆ రాత్రి కరెంటు వచ్చింది. రైతు లైటు పట్టుకుని వెళ్ళాడు, వెంట జమేదారు మామ. తాత మూతితో రాయి కిందికి దొర్లించి, గంప పైకెత్తాడు. సూరమ్మత్త మిగతా పిల్లల్ని పాక పక్కనున్న ఎడ్లబండి మీదికి ఎక్కించింది. ఖాళీ గంప అంచు కింద నేనే పుల్ల పెట్టాను. వంకరగా పెట్టాను కానీ పెట్టాను.

మూపురం మీద గింజ వణుకుతోంది. "వచ్చాయి తాతా. దీపాలు వచ్చాయి."

"రానీ. ఎక్కడున్నాయి?"

"కంత దాటాయి. తొట్టి దగ్గర. ఇప్పుడు గంప దగ్గర. వంగాయి. ఒకటి కనపడటంలేదు. రెండూ కనపడటంలేదు! తోక... తోక కూడా లోపలికి పోయింది తాతా!"

తాత పుల్లని ఒక్క తన్ను తన్నాడు. గంప దబ్బున పడింది. దాని మీద తన గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా నెమరు వేయడం మొదలుపెట్టాడు. బండరాయి ఎందుకు, ఆ తలకాయ చాలు.

లోపల నక్క గిరగిరా తిరిగాడు. "చెల్లెమ్మా! ఇదేం పని? నేను దెయ్యం కోసం వచ్చాను!" అన్నాడు. తర్వాత గంప సందులోంచి బయటికి చూశాడు. గాలి వీచింది. దండెం మీద తెల్లటిదేదో పొడుగాటి చేతులు ఊపింది. పై నుంచి కరకరమని ఏదో నమిలే చప్పుడు. మెడ మీద వెచ్చటి ఊపిరి.

"బాబోయ్! తల లేదు! చేతులున్నాయి! పైన ఎవరో ఎముకలు నములుతున్నారు! రక్షించండి!"

గింజ మూపురం దిగింది. మెల్లగా గంప దగ్గరికి వెళ్ళి, ఆ సందులో ముక్కు పెట్టి అడిగింది.

"భయపడకు మామా. ఏం చూశావో మొదటి నుంచీ చెప్పు."

పాపం, చెప్పాడు. వెక్కి వెక్కి చెప్పాడు. దెయ్యాల గురించి, గంప గురించి, మానేయని మాంసం గురించి కూడా చెప్పేశాడు. అప్పటికి జమేదారు మామ తిరిగి వచ్చాడు. తాత గడ్డం ఎత్తాడు. తర్వాత కంచె అవతల చాలా దూరం దాకా పరుగు చప్పుడు వినపడింది. మర్నాడు మాకు నెమలీక దొరికింది. గింజ దాన్ని గంపకి గుచ్చుకుంది. ఆ రాత్రి నుంచి హాయిగా నిద్రపోతోంది.

నీతి ఏమిటంటే, పిల్లలు భయపడితే ఏమీ లేదని చెప్పే ముందు ఏముందో అడగాలి.

కథ అయిపోయింది. అందరూ లేవండి. పని చూసుకోండి.

ఏంటి? మూడోదా? ఆ టకటకా?

దాని సంగతి వదిలేయండి అంటే వినరు కదా. సరే. నేను పడుకునేది గంప పక్కన, నాపరాయి మీద. చల్లగా ఉంటుందని. నాపరాయి మీద పడుకుని ఎవరైనా గజగజ వణికితే గిట్టలు ఎలా చప్పుడు చేస్తాయో మీరే ఊహించుకోండి.

చొక్కా అని తెలుసు నాకు. పగలు దాన్ని నమిలినవాణ్ణి నేనే. అయినా రాత్రయ్యేసరికి అది నా వైపే చేతులు ఊపుతుంది, కొస ఏమైందని అడుగుతున్నట్టు.

మొన్నామధ్య ఓ రాత్రి కూడా గిట్టలు టకటకలాడాయి. గంపలోంచి ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది.

"చెంగన్నా," అంది గింజ నిద్రమత్తుగా, "ఏం చూశావో మొదటి నుంచీ చెప్పు."

చెప్పాను. అంతా వింది. ఇప్పుడు రోజూ గంపకి ఆనుకునే పడుకుంటున్నాను. కాపలా కోసమని ఊరంతా చెప్పుకున్నాను. కాపలా నిజమే. కాసేది మాత్రం గింజ.