మూరెడెత్తు మంచెలు

సన్యాసయ్య మాస్టారు అడిగిన ప్రశ్నకు అడిగిన రోజే జవాబు చెప్పే మనిషి కాదు. బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి ఉద్యోగం విరమించాక, సముద్రపు ఒడ్డు పల్లెల్లో పనిచేసే పడుచువాళ్ళకు శిక్షణ ఇస్తూ ఉండేవారు. ఒడ్డు కోసుకుపోతున్న చోట ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి, కాలం కాని కాలంలో పడే వానకు ఎలా తట్టుకోవాలి అని పల్లెల వాళ్ళకు నేర్పడం ఆ శిష్యుల పని. ఎవరైనా సందేహంతో వస్తే మాస్టారు ఓపికగా వినేవారు, గ్లాసుడు మజ్జిగ ఇచ్చేవారు, చివరికి ఏదో ఒక పని పురమాయించి పంపేసేవారు.

ఒక ఉదయం హైమావతి వచ్చి ఆయన అరుగు మీద కూలబడింది. మజ్జిగ ముట్టుకోలేదు.

"మాస్టారూ, మారమని మొండికేసిన వాళ్ళకి ఎవరైనా ఏం నేర్పగలరు?" అంది.

ఆమె పనిచేసే ఊరు సున్నపురేవు. అక్కడి ఆడవాళ్ళు నెత్తళ్ళనే చిన్న చేపల్ని ఎండబెట్టి అమ్ముకుని బతుకుతారు. పూర్వం సంక్రాంతి దాటితే ఎండాకాలం దాకా చినుకు పడేది కాదు. ఒడ్డున ఇసక మీద చేపలు పరిచేస్తే మూడు ఎండలకు గలగలలాడేవి. ఇప్పుడు మాఘమాసంలోనూ ఉన్నట్టుండి వాన కురుస్తోంది. పోటు నీరు చేపలారేసే చోటికే వస్తోంది. కిందటేడు మూడుసార్లు సరుకంతా కుళ్ళి కోళ్ళ దాణాకి పోయింది. విసుగెత్తి కొందరు పడుచులు దూరాన రొయ్యల షెడ్లలో పనికి పోవడం మొదలుపెట్టారు. అందుకే హైమావతి తిరిగి తిరిగి వెదురు తెప్పించి, రొమ్మెత్తు మంచెలు కట్టించి, పైన వల పరిపించింది. గాలి కింద నుంచి కూడా తగులుతుంది, వానొస్తే టార్పాలిన్ లాగితే చాలు. పదకొండు మీటింగులు పెట్టింది. ఆడవాళ్ళంతా వచ్చారు, విన్నారు, తలలూపారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇసక మీదే కూర్చున్నారు. మంచెల మీద చీరలు ఆరుతున్నాయి.

"ఆ ఊరు నావల్ల కాదు మాస్టారూ, వదిలేస్తాను," అంది హైమావతి.

ఆయన మజ్జిగ గ్లాసు ఆమె వైపు జరిపి, "వదిలేద్దువుగాని. ముందు మూడు రోజులు వాళ్ళతో పాటు ఇసక మీద కూర్చుని చేపలు తిరగెయ్యి. మంచెల మాట మాత్రం ఎత్తకు," అన్నారు.

హైమావతికి అది జవాబులా అనిపించలేదు. అయినా వెళ్ళింది.

ఆమె చీర చెంగు దోపుకుని ఇసక మీద కూర్చోగానే ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్ళలో నోరున్న మనిషి పైడితల్లి, "మేడమ్ గారూ, మీరు దేముడమ్మప్ప పక్కన కూకోండి. మాకందరికీ ఈ పని నేర్పింది ఆయమ్మే," అంది. దేముడమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. మీటింగులు పెట్టినప్పుడల్లా అందరికన్నా ముందొచ్చి ముందు వరసలో కూర్చునేది ఆవిడే.

"ఏటే గుంటా, సేపని కళ్ళతో సూత్తన్నావా? ఏళ్ళతో సూడు," అంది దేముడమ్మ. "పొట్ట మెత్తగుంటే తిరగెయ్. గట్టిపడితే ఒగ్గెయ్." ఆవిడ వేళ్ళు చేపల మీద చినుకుల్లా తిరుగుతున్నాయి. మొహం మాత్రం సముద్రం వైపుంది. మొదటిరోజు హైమావతికి నడుం పట్టేసింది. చేతులకి వాసన పట్టుకుంది. అంతకు మించి ఏమీ తెలిసిరాలేదు.

రెండోరోజు అందరికీ టీ వచ్చింది. హైమావతి ఒక గ్లాసు దేముడమ్మకి కుడిపక్కన పెట్టింది. ముసలమ్మ చెయ్యి ఎడమపక్క ఇసకంతా తడిమింది. ఎదురుగా ఉన్న పైడితల్లి, తన కూతురి అల్లరి గురించి ఏదో చెబుతూనే, చెయ్యి చాచి ఆ గ్లాసుని ముసలమ్మ వేళ్ళకి తగిలేదాకా జరిపింది. మాట ఎక్కడా తెగలేదు. ముసలమ్మ గ్లాసందుకుని, తనే చూసి తీసుకున్నట్టు తాగింది.

ఆ తరవాత హైమావతికి ఒక్కొక్కటే కనిపించసాగాయి. దేముడమ్మ తిరగెయ్యకుండా వదిలేసిన చేపల్ని అటు పోయేవాళ్ళు కాలి మునివేళ్ళతో తిరగేసి పోతున్నారు. ఆవిడ లేచిందంటే, పని ఉన్నా లేకపోయినా ఎవరో ఒకరు లేచి ముచ్చటాడుతూ పక్కనే నడుస్తున్నారు.

మూడోరోజు బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటూ హైమావతి పైడితల్లిని మెల్లగా అడిగింది. "అమ్మకి చూపు లేదా?"

పైడితల్లి బోరింగు కొట్టడం ఆపేసింది. "రెండేళ్ళయింది. సన్నగా ఎలుతురు తెలుస్తాదంతే. మోకాళ్ళకని పట్నం తీసుకెళ్ళి కళ్ళు కూడా సూపించినాం. ఇంక రాదని మాకు సాటుగా సెప్పినారు. మాకు తెల్దని ఆయమ్మ అనుకుంటాది. మేమూ తెలీనట్టే ఉంటాం."

పైడితల్లి మళ్ళీ బోరింగు కొట్టడం మొదలుపెట్టింది.

"మీ మంచెలు మంచివని మాకు తెల్దేటండీ? కిందటేడు కుళ్ళిపోనాయి మా సేపలే కదా. కానీ మేం మంచెల కాడ నించుంటే ఆయమ్మ ఒక్కత్తీ ఇసక మీద కూకోవాల. ఆ మోకాళ్ళతో రోజంతా నించోలేదు. పోనీ ఇంట్లో కూకోమంటే... ఇంట్లో కూకుంటే ఆ మనిసి బతకదండీ."

"ఈ మాట నాకు ముందే చెప్పొచ్చు కదా, పైడితల్లీ?"

"ఎలాగ సెప్పమంతారు? మీటింగులో ముందు కూకునేది ఆయమ్మే గదా."

హైమావతికి తన రిజిస్టరులో ఈ ఊరి పేరు ఎదురుగా 'మూర్ఖపు పట్టుదల' అని తనే రాసుకున్న మాటలు గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

ఆ సాయంత్రం చేపలు గంపలకి ఎత్తే వేళ ఆమె దేముడమ్మ ముందు కూర్చుని, అందరూ వినేలా, "అమ్మా, ఆ మంచెలు కట్టించడం నాకు చేతకాలేదు. ఎలా కట్టాలో మీరు చెప్పండి," అంది.

గంపలెత్తుతున్న చేతులు ఆగిపోయాయి. ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "ఇన్నాళ్ళకి అడిగినావు. నించోని సేపలు తిరగేసే ఆడదాన్ని ఎక్కడన్నా సూసినావేటే? నాలుగు మాటలు సెప్పుకోవాలంటే కూకోవాల." కూర్చున్న చోటే చెయ్యి ముందుకి చాచి పట్టింది. "ఇదీ ఎత్తు. ఏదీ, ఆ వల ఇలా తే." వల తెచ్చి ఇస్తే దాని రంధ్రాల్లో వేలు దూర్చి చూసింది. "ఇది మరీ సన్న కన్ను. నీరు దిగదు. కాసింత పెద్ద కన్నుండే పాత కవళ్ళ వల పరవండి."

చాచిన చేతికీ ఇసకకీ మధ్య కొలిస్తే మూరెడుంది. మూరెడెత్తు మంచెలు పోటు నీటికి అందకూడదంటే వాటిని ఒడ్డున కాక ఇళ్ళ వెనక దిబ్బ మీద వెయ్యాలి. అంతదూరం దేముడమ్మ ఎలా నడుస్తుందని అందరికీ ఒకేసారి తోచింది. ఎవరూ పైకి అనలేదు.

"వరస మీ గుమ్మం దగ్గర మొదలుపెట్టి దిబ్బ మీద దాకా వేద్దామమ్మా," అంది హైమావతి. "టార్పాలిన్ కట్టడానికి గుంజలకి నడుమెత్తున తాడు కూడా లాగుదాం. మొదటి గుంజ నుంచి చివరి గుంజ దాకా."

"నా గుమ్మం కాడెందుకే?" గొంతులో అనుమానం.

పైడితల్లి చేతిలో గంప కింద పెట్టేసింది.

"ఎవరి చేప ఎండిందో ఎవరిది ఎండలేదో చెప్పేది మీరే కదా. పొద్దున్నే మీరు మీ గుమ్మం నుంచి దిబ్బ చివరి దాకా అన్నీ చేత్తో చూసుకుంటూ రావాలి. అప్పుడే మిగతావాళ్ళు మొదలెట్టేది."

ముసలమ్మ గంప అంచు తడుముతూ, "సరే, నాను సూత్తాను," అంది. పైడితల్లి మొహం పక్కకి తిప్పుకుని చెంగుతో కళ్ళొత్తుకుంది.

వారం తిరిగేసరికి రొమ్మెత్తు గుంజల్ని కోసి, తాడు కట్టేవి మాత్రం నడుమెత్తున ఉంచి, పొట్టి మంచెలు వరసగా వేశారు. పొద్దున్నే దేముడమ్మ తాడు మీద చెయ్యేసి, ఎవరి సాయమూ లేకుండా దిబ్బ మీదికి నడిచి వచ్చేది. ఆ తాడు టార్పాలిన్ కోసమేనని ఊరంతా అనేది. మాఘమాసం చివర ఒక మిట్టమధ్యాన్నం ఆవిడే ముక్కుపుటాలు ఎగరేసి, "కప్పండే, వానొస్తంది!" అని కేకేసింది. అప్పటికి మబ్బు తునకైనా లేదు. టార్పాలిన్లు లాగి ముడులు వేసేలోగా వాన దిగింది. అరగంట కురిసి వెలిసింది. ముసలమ్మ మంచె మీద చెయ్యి పెట్టి, ఒక నెత్తల్ని తీసి, అందరికీ వినిపించేలా చెవి దగ్గర పుటుక్కున విరిచింది. ఆడవాళ్ళు నవ్వారు. ఇద్దరు ఏడ్చారు కూడా.

హైమావతి మాస్టారి దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పింది.

"ఆవిడకి చూపు లేదని మీకు ముందే తెలుసు కదా మాస్టారూ? అందుకే కదా నన్ను కూర్చోమన్నారు?"

"నేను ఆ ఊరు ఎప్పుడూ వెళ్ళలేదమ్మా," అన్నారు సన్యాసయ్య మాస్టారు. "కాకపోతే, ఊరంతా మొండికేసిందంటే దాని వెనక ఎవరో ఒకరు ఉంటారు."