ఆకలి లేని మేకపిల్ల

రండర్రా, దగ్గరికి జరగండి. మల్లన్నస్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నాను, మధ్యలో ఎవరూ లేవకూడదు.

అనగనగా వీరకేతు అని ఒక రాజు. ఆయన రాజ్యంలో మనుషులకంటే మేకలే ఎక్కువ. కొండల్లో పొట్టిమేకలు, రాతి అంచున కూడా కాలు జారనివి. ఇసుక నేలల్లో పొడుగుకాళ్ల మేకలు, నీళ్లు లేకపోయినా రెండు రోజులు నడిచేవి. చిత్తడి పల్లెల్లో వానమేకలు, ఎంత ముసురు పట్టినా దగ్గు ఎరగనివి. నల్లవి, ఎర్రవి, చారలవి, చుక్కలవి! ఏ నేలకు ఏది నిలుస్తుందో చూసి, కాపరులు తాతల నాటినుంచీ ఏరి ఏరి పెంచుకున్నవి.

ఒకనాడు ధవళాక్షుడనే మాంత్రికుడు వచ్చాడు. "ఏం మందయ్యా ఇది రాజా, అతుకుల బొంతలాగ! అన్నిటినీ మల్లెపువ్వుల్లా ఒక్క తీరుగా చేసి పెడతాను" అన్నాడు. కాపరులు కాళ్లమీద పడి వద్దన్నా రాజు తల ఊపాడు.

వాడు ఒక్క ఊదు ఊదాడు. మేకలన్నీ తెల్లబడ్డాయి. ఒకే ఎత్తు, ఒకే చెవి, ఒకే అరుపు.

అప్పుడు పకపకా నవ్వాడు. "నా ప్రాణం వీటిలో ఒకదానిలో దాచాను. నేను చస్తేగాని మీ మేకలు మళ్లీ మునుపటిలా కావు. తప్పు మేకమీద కత్తి వేసినవాడు ఉప్పురాయి అయిపోతాడు!" అని ఏడు సముద్రాల అవతలి కోటకు ఎగిరిపోయాడు.

తెల్లమేకలు కొండ ఎక్కలేక జారి చచ్చాయి. ఇసుకలో నడవలేక కూలి చచ్చాయి. ముసురులో తడిసి దగ్గి చచ్చాయి. ఏడాది తిరిగేసరికి దేశం మొత్తానికి నూరు మేకలు, కొన్ని పిల్లలు మిగిలాయి. వాటినన్నిటినీ ఒకే దొడ్డిలోకి తోలి, కొమురమ్మ అనే కాపరి పిల్లకు అప్పగించారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వచ్చి, "ప్రాణం దాచింది బలమైన దానిలోనే" అని గట్టి పోతును నరికాడు. ఉప్పురాయి అయ్యాడు. రెండోవాడు వచ్చి, "మెరిసేదానిలోనే" అని నిగనిగలాడే పోతును నరికాడు. వాడూ ఉప్పురాయి అయ్యాడు.

అయ్యో, ఇంకా వినండి! మేకలకు ఉప్పంటే ప్రాణం కదా. ఆ ఏడు పడ్డ కరువులో నాలుకలు పిడచగట్టిన మేకలు ఆ రాళ్లను నాకడం మొదలుపెట్టాయి. తోలితే మళ్లీ వచ్చేవి. కంచె వేస్తే దూరేవి. రోజురోజుకూ అన్నలు అరిగిపోతున్నారు.

మూడోవాడు సోమకేతు ఆ రాళ్లను కావలించుకుని ఏడ్చాడు. ఒక ముసలిమేక దగ్గరికి వచ్చి మాట్లాడింది.

"తప్పేనయ్యా, తెలుసు. ఆకలి మమ్మల్ని ఆగనివ్వదు. నా పేరు చుక్క. ఇప్పుడు ఒంటిమీద ఒక్క చుక్కా లేదు. ఆ కొమురమ్మనడుగు, దానికి మేకను చూడడం తెలుసు."

కొమురమ్మ ముఖం తిప్పుకుంది. "మీ అన్నలు పోతును పెళ్లికొడుకును చూసినట్టు చూశారు దొరా! కొమ్ములెంత, మెరుపెంత అని. మేమైతే తల్లిని చూస్తాం. కరువులో రెండు పిల్లలకు పాలిచ్చి నిలబెట్టిన తల్లి ఏదో, దాని కొడుకునే మందకు పోతుగా ఉంచుకుంటాం."

"తల్లులన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదే!"

"మన కంటికి. పిల్ల ముక్కుకు కాదు. వాడి ప్రాణం మోసేదానికి తల్లి ఉండదు."

పొద్దుగూకే వేళ మంద మేత నుంచి వచ్చింది. పగలంతా గంపల కింద మూసి ఉంచిన పిల్లలను కొమురమ్మ వదిలింది. ప్రతి పిల్లా వాసన పట్టి తన తల్లి దగ్గరికే ఉరికింది. మూడు మిగిలాయి.

సోమకేతు కత్తి తీశాడు. "మూడింటిలో ఏది?"

"తల్లి చచ్చిన పిల్లలూ ఉంటాయి దొరా. తొందరపడకు, చూడు."

ఒక పిల్ల ఏడుస్తూ కనబడ్డ ప్రతి పొదుగు కిందా దూరింది. తన్నులు తింది. మళ్లీ దూరింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం నిలబడి చూస్తోంది. దానికి ఆకలే లేదు.

"స్వామీ మల్లన్నా!" అని కత్తి వేశాడు. ఏడు సముద్రాల అవతల కోట కూలిన చప్పుడు ఇక్కడికి వినబడింది.

రెండో అన్న లేచాడు, చేతివేళ్లు లేకుండా. పెద్దన్న ఉన్నచోట ఎవరూ లేవలేదు. అక్కడ చారెడు తడి మాత్రం ఉంది.

మేకలకు రంగులు వచ్చాయి. కొండమేకలు యాభై. ఇసుకమేకలు నలభైకి పైన. వానమేక ఒక్కటీ లేదు.

"వాటినీ పుట్టించు తల్లీ!" అని రాజు కొమురమ్మను బతిమాలాడు.

"ఏ తల్లిని చూసి పుట్టించమంటారు ప్రభూ?" అంది. రాజు కిరీటం తీసి దొడ్డి మట్టిలో కూర్చున్నాడు. మరి లేవలేదు.

సోమకేతు కొమురమ్మను పెళ్లాడి అరవై ఏళ్లు ధర్మంగా ఏలాడు. ఏటా పోతును తల్లిని చూసే ఎంచారు. మందలు పెరిగాయి. చిత్తడి పల్లెల్లో మాత్రం తోలిన ప్రతి మందా మొదటి ముసురుకే పోయింది. జనం ఇళ్లు వదిలి వెళ్లిపోయారు.

సోమకేతు ముసలితనంలో మనవరాలు ఆయన్ని అడిగింది: "తాతా, వానమేక ఎట్లా ఉండేది?"

రాజు నోరు తెరిచాడు. గుర్తు రాలేదు. రాణి వైపు చూశాడు.

"నేను కొండపిల్లనయ్యా," అంది కొమురమ్మ, "ఎన్నడూ చూడలేదు."

చెప్పడానికి ఆ రాజ్యంలో ఇంకెవరూ మిగల్లేదు. కథ ఇంతవరకేనర్రా. స్వామికి దండం పెట్టుకుని లేవండి.