మొదటి గుక్క నక్కది

ఎండలు ముదిరి వాగు ఎండిపోతే ఆ అడవికంతటికీ ఒకటే చెలమ. ఇసుకలో దాన్ని తవ్వేది ముళ్ళపంది. తవ్వినవాళ్ళే మొదటి గుక్క తాగి నీళ్ళు మంచివేనని చూపించాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు మూతి పెట్టాలి. అది అక్కడి కట్టుబాటు. ముళ్ళక్క అని అందరూ పిలిచే ఆవిడకి ఆ ఏడు ఇద్దరు పిల్లలు, ఇంకా ముళ్ళు గట్టిపడని పసికూనలు.

ఆ వేసవిలోనే నక్కకి విషముష్టి చెట్టు కనబడింది. గింజలు మూటగట్టుకుని ముందు అడవిపంది దగ్గరికి పోయింది. ఇవి చెలమలో వేస్తానని ఒక్కసారి బెదిరిస్తే పులైనా పక్కకి తప్పుకుంటుందని ఊదరగొట్టింది. పంది తన దుంపల్లో సగం ఇచ్చి గుప్పెడు గింజలు పుచ్చుకుంది. నక్క అట్నుంచటే ఎలుగుబంటి గుహకి పోయి, పంది దగ్గర గింజలున్నాయి, మరి నీ సంగతేమిటని చెవి కొరికింది. ఎలుగు హడలిపోయి తేనెపట్టు ఇచ్చేసి తనూ గుప్పెడు గింజలు పుచ్చుకుంది. ఆ సంగతి తెలిసి పంది ఇంకో గుప్పెడు తీసుకుంది. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా? నక్క బాగా ఒళ్ళు చేసింది.

చివరికి ముళ్ళక్క గుమ్మంలోకీ వచ్చింది.

“అందరికీ ఉన్నాయక్కా. పిల్లల తల్లివి, నీకొక్కదానికే వద్దా?”

ముళ్ళక్క ఒళ్ళంతా విదిల్చింది. “నా ముల్లు నా మీదికొచ్చినవాడికే గుచ్చుకుంటుంది తమ్ముడూ. నీ గింజ నీళ్ళలో పడితే ఎవరిని చంపాలో దానికి తెలుసా?”

“ఎవరూ వెయ్యరక్కా. ఊరికే దగ్గరుంచుకోడానికి.”

ఆవిడకి ఒళ్ళు మండింది. తన పిల్లలు తాగేదీ ఆ చెలమ నీళ్ళే.

మర్నాడు పొద్దున్నే అందరూ చేరాక ముళ్ళక్క చెలమకి అడ్డంగా నిలబడింది.

“ఇవాళ మొదటి గుక్క నేను తాగను. ఎవరూ వెయ్యరని మాటిచ్చింది నక్క. ఆ మర్యాద దానికే. అది తాగేదాకా ఎవరూ మూతి పెట్టడానికి లేదు.”

ఎలుగు వైపు పంది చూసింది, పంది వైపు ఎలుగు చూసింది. ఒకరి మీద ఒకరికి అనుమానంతో కంటి మీద కునుకు లేనివాళ్ళే ఇద్దరూ. వెంటనే సరేనన్నారు.

నక్క నీళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయింది. పంది వేసిందో, ఎలుగు వేసిందో, దానికి మాత్రం ఏం తెలుసు? దాహం లేదంది. ఎండెక్కింది. ముళ్ళక్క పిల్లలు నాలుకలు బయటపెట్టి ఏడుస్తున్నారు. ఆవిడ వాళ్ళ వైపు చూసింది గాని పక్కకి జరగలేదు. పంది కోర ఆడిస్తూ నక్క మీదికి వచ్చింది.

“తాగుతావా, చీల్చమంటావా?”

నక్క వెనక్కి తగ్గింది. ఎవరెవరికి ఎన్ని ఇచ్చిందో, ఎక్కడెక్కడ దాచారో అంతా కక్కేసింది. తన బొరియలో ఇంకో మూట ఉందనీ ఒప్పుకుంది. గింజలన్నీ నక్క చేతే మోయించి రాతి చీలికలో పోయించారు. పైన ఎలుగు బండ దొర్లించింది. ముళ్ళక్క పాత చెలమ పూడ్చి, దూరంగా కొత్తది తవ్వి, మొదటి గుక్క తనే తాగింది. తర్వాత పిల్లలు తాగారు. నక్కకి అడుగున మిగిలిన బురదనీళ్ళే దక్కాయి.

ఇకమీదట ప్రతి పున్నమికీ అందరి ఇళ్ళూ వాసన చూస్తానంది ముళ్ళక్క. నా ఇంట్లో నీ సోదా ఏమిటని పంది గుర్రుమంది.

“ముందు నా ఇల్లే చూడు. నీళ్ళు అందరివీ అయినప్పుడు, విషం దాచే ఇల్లు నీ ఒక్కదానిదీ కాదు.”

పంది తల దించుకుని దారి ఇచ్చింది.

నీతి: అందరూ తాగే నీళ్ళు ఒకటే అయినచోట, విషం ఎవరి ఇంట్లో ఉన్నా అందరి గొంతులో ఉన్నట్టే.