నూకాలమ్మ కట్టిన కట్టు

అనగనగా, సముద్రంలో ఉప్పు ఇప్పటికన్నా కాస్త తక్కువగా ఉన్న రోజుల్లో, సముద్రానికీ కొండకీ మధ్య ఒక ఊరు. ఆ ఊళ్లో నూకాలు అనే ముసలమ్మ గడ్డి కోసి అమ్ముకునేది. మనిషి పిడికెడు, నోరు ఊరంత. ఉప్పు బేరగాడు పోలయ్య గుర్రం గౌరి ఆమె కోసిన గడ్డి తినే పెరిగింది, కొండ మీదికి ఉప్పు మోసేది. పిల్లాజెల్లా లేని నూకాలుకి గౌరే కూతురు.

ఒకనాడు రాయి గీరుకుని గౌరి ముందుకాలికి, మోకాలి కింద పుండు పడింది. గుర్రానికి అక్కడ కండ ఉండదు, ఎముకా తోలే. పైగా రోజంతా ఆ కాలి మీదే నిలబడాలి. ఆ పుండు ఓ పట్టాన మానదు.

"వానలు పడేలోగా మానకపోతే అడవిలో వదిలీయాల అత్తా," అన్నాడు పోలయ్య కళ్లు తుడుచుకుంటూ.

నూకాలు ఆ పుండుని వేపాకు కాచిన నీళ్లతో కడిగింది, ఆరనిచ్చింది, పసుపు రాసి మెత్తని పాతగుడ్డ కట్టింది. "నాను విప్పీదాకా ఎవులూ ముట్టుకోకండి," అంది.

కానీ ఆ ఊరివాళ్లకి ఒక జబ్బుంది. ఎవరికి బాగోలేకపోయినా పలకరించాలి. పలకరిస్తే సరిపోదు, చూడాలి!

పక్కింటి ఎర్నాయుడు వచ్చాడు. "మానిందేటి?" అని కట్టు విప్పాడు. పక్కు ఊడింది, పుండు మొదటికొచ్చింది. నూకాలు మళ్లీ కడిగింది, మళ్లీ కట్టింది.

పోలయ్య వియ్యంకుడు వచ్చాడు. వియ్యంకుణ్ణి వద్దనగలరా? "మానిందేటి?" అని విప్పాడు. పుండు మొదటికొచ్చింది. నూకాలు మళ్లీ కడిగింది, మళ్లీ కట్టింది.

చివరికి పోలయ్యే ఆగలేక విప్పాడు. నూకాలు నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, కొత్త కట్టు కట్టి గౌరి పక్కనే మంచం వాల్చింది.

ఆరోజే ఊరిపెద్ద నాయుడుగారు వచ్చారు, వెనకాల ఊరంతా. "మానిందేటే నూకాలూ? విప్పు, సూద్దాం."

ఆయన మాట కాదన్నవాడు లేడు. నూకాలు మంచం దిగి చేతులు కట్టుకుంది. నోరు మాత్రం కట్టుకోలేదు.

"విప్పుతాను బాబూ. ముందు తమరు పంచె విప్పండి. పుండుకీ సిగ్గుంటాది. తమకి నేకపోతే దానికీ నేదు."

నాయుడుగారు చటుక్కున పంచె ముడి పట్టుకున్నారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. ఊరంతా నవ్వింది.

ఆమీద ఎవరొచ్చినా నూకాలుది ఒకటే మాట: "ముందు నీ పంచె!" వచ్చినవాడు వచ్చినట్టే పరుగు. పుండు తనపాటికి తాను మానింది. తొలకరికి ముందే గౌరి ఉప్పు బస్తాలతో కొండెక్కింది.

నూకాలు పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ వైపు గుర్రం కాలికి కట్టు కనబడితే మగవాళ్ల చెయ్యి దానంతటదే నడుం మీదికి పోతుంది. పంచెలు పోయి ప్యాంట్లు వచ్చాయి, అయినా బెల్టు గట్టిగా పట్టుకుని, "మేం అడగనేదు నూకాలమ్మా!" అంటూ తప్పుకుంటారు.