హంస శాలువా తిరగేస్తే

ఎప్పటి మాటో గానీ, హంస శాలువా లేనివాడు మనిషే కాదనుకునే రాజ్యం ఒకటుండేది. అసలు హంసను మగ్గం మీదే నేస్తారు కాబట్టి అది రెండు వైపులా కనిపిస్తుంది. అద్దకం పోలయ్య మాత్రం మామూలు శాలువా మీద చెక్క అచ్చుతో హంసను అద్ది చవగ్గా అమ్మేవాడు. అది ఒకవైపే కనిపించేది.

నేతగాళ్లు మొరపెట్టుకున్నారు. దివానుగారు పోలయ్యను సభకు ఈడ్పించి, "జనాన్ని మోసం చేశాడు మహాప్రభో! వీడి బొటనవేళ్లు తీయించండి!" అన్నాడు.

పోలయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్లు పోతే అచ్చు పట్టేదెలా? అయినా ఓ అడుగు ముందుకేశాడు.

"హంసను అద్దడం తప్పే దొరా. కానీ కొన్నవాళ్లందరికీ తిరగేసి చూపించే అమ్మాను. మోసపోయినవాళ్లుంటే శాలువా తిరగేసి చూపించమనండి."

సభ నిండా శాలువాలే, ఒక్క చెయ్యీ కదల్లేదు. దివానుగారైతే తనది ఇంకాస్త బిగించుకున్నాడు.

రాజుగారు పకపకా నవ్వి, ఊరికే తన శాలువా అంచు తిరగేశారు. అటువైపు హంస లేదు! మొన్న పుట్టినరోజుకు దివానుగారు కప్పి సత్కరించిన శాలువా అది.

"ఒకడు మోసపోయాడయ్యా పోలయ్యా," అన్నారు మెల్లగా.

"చిత్తం దొరా. కానీ నా దగ్గర కొన్నవారు కాదు, కొన్నవారి దగ్గర పుచ్చుకున్నవారు."

రాజుగారు దివాను వంక ఓ చూపు విసిరి, పోలయ్య వైపు తిరిగారు. "హంస నేతగాళ్లది, ఇక ముట్టుకోకు. నీ అచ్చు మీద నీ పిట్టను నువ్వు చెక్కుకో."

"నా పిట్టను ఎవరు కప్పుకుంటారు దొరా?"

"మొదట దివానుగారే."

వారం తిరక్కుండా దివానుగారి భుజాన పోలయ్య అద్దిన కాకి వాలింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కాకి మాత్రం అసలుదే.