ఒంటిచేతి పూతరేకు

అనగనగా, ఏటి పాయల నడుమ, ఎటు చూసినా కొబ్బరి తోటలే ఉన్న ఒక లంక ఊళ్లో నాంచారమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె పూతరేకులు చేసేది.

పూతరేకు ఎలా చేస్తారో చూశారా? చూడకపోతే చెబుతాను, వినండి. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పాలలా పలచగా కలుపుతారు. పొయ్యి మీద కుండను బోర్లించి కింద మంట పెడతారు. పలచని గుడ్డను ఆ పిండిలో ముంచి, కాలిన కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగేస్తారు. కుండ మీద ఉల్లిపొర లాంటి రేకు మిగులుతుంది. దాన్ని చిరగకుండా తీసి, తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడత పెడతారు. నోట్లో వేసుకుంటే నమిలే పని లేదు, కరిగిపోతుంది.

నాంచారమ్మ గుడ్డ లాగడం చూసి తీరాలి. చెయ్యి కదిలినట్టే ఉండదు, రేకు లేచి వచ్చేస్తుంది. "ఆ చేతిలో ఏదో మహత్తు ఉంది" అనేవారు ఊళ్లోవాళ్లు. విని విని ఆమె కూడా నమ్మేసింది. పొగడ్త ఎవరికి చేదు చెప్పండి!

ఆమె బాధల్లా ఇంట్లోవాళ్లతోనే.

అత్తగారు పేరంటాలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఎండు కొబ్బరాకులు ఒక్కొక్కటే మంటలోకి తోస్తూ, పొద్దస్తమానం సణుగుతూ ఉండేది. "గుడ్డ తడారిపోయింది, కళ్లు ఎక్కడ పెట్టావే? కాస్త ఆగు, కుండ ఇంకా కాలలేదు. ఊఁ, ఇప్పుడు లాగు, ఇప్పుడు!" ఆమె నోటికి తాళం వేసే మొనగాడు ఆ లంకలో పుట్టలేదు.

భర్త గవర్రాజు రోలు దగ్గర కూర్చుంటే ఇక లేవడు. రుబ్బిన పిండిని వేళ్ల మధ్య రాసి చూసుకుని, తల అడ్డంగా ఊపి, మళ్లీ రుబ్బుతాడు. పైగా రాగం లేని కూనిరాగం ఒకటి.

కూతురు బుల్లెమ్మ రేకులు మడత పెడుతూ ప్రశ్నలు వేస్తుంది. "అమ్మా, కుండకి చెమట పడుతుందా? అమ్మా, చీమకి పూతరేకు బరువా?" జవాబు వచ్చేదాకా వదలదు.

"దేవుడా, ఒక్క పూట నన్ను ప్రశాంతంగా పని చేసుకోనివ్వరు కదా!" అని నాంచారమ్మ రోజూ తల పట్టుకునేది.

ఇలా ఉండగా ఒకనాడు ఊళ్లో దండోరా మోగింది. రాజు వసుభూతి తల్లి మంచం పట్టిందట. జబ్బేమీ లేదట, కానీ అన్నం మీద మనసు పోవడం లేదట. పళ్లు లేని ముసలితల్లి రోజురోజుకీ చిక్కిపోతోందట. వైద్యులు చేతులెత్తేశారు. ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించగలిగినవారు ఏం కోరుకుంటే అది ఇస్తానని రాజు మాట.

"పళ్లు లేనివాళ్లకి పూతరేకు కన్నా ఏముంది? నేను వస్తానండీ" అంది నాంచారమ్మ, దండోరా వేయించిన భటులతో. రాజభటులు ఆమెకోసం పడవ సిద్ధం చేశారు.

"మేమూ వస్తాం, ఉండు" అని గవర్రాజు లేవబోయాడు.

"వద్దు, ఒక్కదాన్నే వెళతాను. నా చెయ్యి, నా కుండ, నా గుడ్డ చాలు" అంది ఆమె. పేరంటాలమ్మ మొదటిసారి ఏమీ అనకుండా ఊరుకుంది. నాంచారమ్మ దాన్ని పట్టించుకోలేదు.

కోటలో ఆమెకు పెద్ద వంటశాల ఇచ్చారు. అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగే పరిచారికలను ఇచ్చారు. వాళ్లు అడిగితే తప్ప పలకరు. ఎంత నిశ్శబ్దం! నాంచారమ్మ ప్రాణం లేచి వచ్చింది.

మొదటి రోజు పొయ్యిలో గంధపు చెక్కలు పేర్చారు. మంట భగ్గున లేచింది. గుడ్డ లాగీ లాగకముందే రేకు మాడి మసైంది. "ఎలా ఉంది?" అని అడిగింది నాంచారమ్మ. "దివ్యంగా ఉందమ్మా" అన్నారు పరిచారికలు చేతులు కట్టుకుని. ఆ రోజు రాజమాత రెండు గుక్కల పాలు తాగి ముఖం తిప్పుకుంది.

రెండో రోజు ఎండు కొబ్బరాకులు తెప్పించింది. మంట కుదిరింది. కానీ కోట సేవకులు రుబ్బిన పిండిలో నూకలు మిగిలాయి. రేకు నిండా చిల్లులే. "ఎలా ఉంది?" అంటే "మహత్తరంగా ఉందమ్మా" అన్నారు. ఆ రోజు రాజమాత పాలు కూడా వద్దంది.

మూడో రోజు తెల్లవారగానే నాంచారమ్మ తనే రోలు ముందు కూర్చుంది. రుబ్బి రుబ్బి భుజాలు పడిపోయాయి. తనే ఆకులు తోసింది, తనే పరుగున వచ్చి గుడ్డ లాగింది. చివరికి ఒక్కటంటే ఒక్క రేకు, చందమామ లాంటిది, లేచి వచ్చింది. ఆమె ఆనందంతో కేకపెట్టింది. అయితే ఆకులు సర్ది, తడిగుడ్డ వెతికి తెచ్చేసరికి రేకు ఎండిపోయింది. మడత పెట్టబోతే చేతిలోనే పెళపెళా విరిగి పొడైంది.

"అద్భుతంగా ఉందమ్మా" అన్నారు పరిచారికలు.

నాంచారమ్మ ఆ పొడి వంక చూస్తూ నేల మీద చతికిలబడింది. ఇంట్లో అయితే ఈపాటికి అత్తయ్య చెడామడా తిట్టి ఉండేది. తిట్టి, మంట తగ్గించి ఉండేది. భర్త పిండిని ఇంకోసారి రుబ్బి ఉండేవాడు. రేకు కింద పడకముందే బుల్లెమ్మ తడిగుడ్డతో అందుకుని ఉండేది. ఇన్నేళ్లూ తను లాగింది గుడ్డ ఒక్కటే. మిగతాదంతా వాళ్లే చేశారు. తను మాత్రం విసుక్కుంది. అది తలచుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడే రాజు వచ్చాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, మా తల్లి ఈ రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు. నీ రేకు ఏమైంది?"

ఇక్కడే నాంచారమ్మను మెచ్చుకోవాలి. కుండ బాగాలేదనో, నీళ్లు పడలేదనో చెప్పి తప్పుకోవచ్చు. ఆమె అలా చెయ్యలేదు.

"మహారాజా, నా చేతిలో మహత్తు ఉందని విర్రవీగాను. లేదు. ఆ రేకు మా అత్తయ్యది, మా ఆయనది, మా పిల్లది కూడా. వాళ్లు లేకపోతే నేను ఉత్త గుడ్డ పట్టుకున్నదాన్ని. నన్ను శిక్షించండి, కానీ ముందు వాళ్లను పిలిపించండి."

రాజు క్షణం ఆలస్యం చేయకుండా పడవ పంపాడు.

మధ్యాహ్నానికి పడవ రేవుకు వచ్చింది. పేరంటాలమ్మ వంటశాలలో అడుగు పెడుతూనే, "అయ్యో అయ్యో, బంగారంలాంటి కుండకి ఇంత మసి పట్టించావేమే! చేతులు కాల్చుకున్నావా? ఏదీ, చూపించు!" అంది. నాంచారమ్మ ఆమె కాళ్లకు దండం పెట్టి, లేచి, ఆమె భుజం మీద తల పెట్టుకుంది. "తిట్టండి అత్తయ్యా, ఇంకా తిట్టండి" అంది. "దీనికి పిచ్చి గాని పట్టలేదు కదా!" అంటూ పేరంటాలమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇక పొయ్యి వెలిగింది. రోట్లో పొత్రం తిరిగింది. కూనిరాగం మొదలైంది. "ఇప్పుడు లాగు, ఇప్పుడు!" అని అత్తగారి కేకలు, "అమ్మా, రాజుగారు కూడా పళ్లు తోముకుంటారా?" అని బుల్లెమ్మ ప్రశ్నలు.

ఆ గోల గోడలు దాటి రాజమాత గదికి చేరింది. ఆమె కళ్లు తెరిచింది. "ఎవరే ఆ మాట్లాడేది? నన్ను అక్కడికి తీసుకెళ్లండి" అంది. చెలికత్తెలు ఆమెను పట్టుకుని నడిపించి, వంటశాలలో పీట మీద కూర్చోబెట్టారు.

పేరంటాలమ్మ వెనక్కి కూడా చూడకుండా, "ఎవరమ్మా అది, పొయ్యికి ఎదురుగా కూర్చోకండి, పొగ తగులుతుంది. ఇటు జరగండి" అంది. చెలికత్తెలు నాలుక కరుచుకున్నారు. రాజమాతకు ఎవరైనా అలా చెప్పి ఎన్నేళ్లయిందో! ఆ ముసలితల్లి బుద్ధిగా పక్కకు జరిగింది. ఆమె బోసినోరు నవ్వింది.

బుల్లెమ్మ మడత పెట్టిన రేకు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "తినండి మామ్మగారూ, నేను చూస్తాను" అంది. రాజమాత తింది. ఇంకోటి అడిగి తింది. మూడోది అడగకుండా తనే తీసుకుంది.

రాజు సంతోషం పట్టలేకపోయాడు. "నాంచారమ్మా, అడుగు! ఏం కావాలన్నా ఇస్తాను."

"నాకు కావలసినవాళ్లు పడవ దిగి వచ్చేశారు ప్రభూ" అంది నాంచారమ్మ. "మూడు రోజులుగా చూస్తున్నాను, అమ్మగారు ఒంటరిగానే పళ్లెం ముందు కూర్చుంటున్నారు. ఆమెకు కావలసినవారు తమరు. రోజూ ఒక పూట ఆమె పక్కన కూర్చుని భోంచేయండి. నేను కోరేది అదే."

వసుభూతి తల దించుకున్నాడు. బంగారు పళ్లేల్లో రకరకాల పదార్థాలు పంపించాడు గానీ, తల్లి పక్కన కూర్చుని తిని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. కిరీటం తీసి పక్కన పెట్టి, తల్లి పక్కన నేల మీద కూర్చుని, పూతరేకు కోసం చెయ్యి చాచాడు.

రాజమాత ఆ చెయ్యి మీద చిన్నగా ఒక్కటి వేసింది. "ముందు చేతులు కడుక్కుని రా!"

మహారాజు లేచి, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లాడు.

పిల్లలూ, ఇంట్లో మనకు విసుగు పుట్టించే సందడే మనల్ని నిలబెడుతుంది. అది వినిపిస్తూ ఉండగానే దాని విలువ తెలుసుకుని చేతులు జోడించినవారే అదృష్టవంతులు.