పేరన్న చేతికి రాజుగారి కంకణం

చంద్రవరం రాజు ఉద్దండవర్మకు ఏటా ఉగాదినాడు ఒక కొత్త ఆలోచన వచ్చేది. ఆయనకు ఆలోచన వచ్చిందంటే ఊళ్లో ఎవరికో ఒకరికి మూడినట్టే.

ఒక ఉగాదికి పంచాంగ శ్రవణం ముగియగానే ఆయన కొలువులో ఇలా సెలవిచ్చాడు. ప్రతివాళ్లూ తమలో మార్చుకోవలసిన గుణం ఒకటి చెప్పుకుని, చేతికి పసుపు కంకణం కట్టించుకోవాలి. మళ్లీ ఉగాదికి కొలువులో నిలబడి ఏడాదంతా ఏం సాధించారో చెప్పాలి. నెరవేర్చనివాడు ఊరొదిలి పోవాలి.

అందరికన్నా ముందు రాజే లేచి, తన పొట్ట నాలుగు వేళ్లు తగ్గిస్తానన్నాడు. పురోహితుడు కంకణం కట్టాడు. కట్టిన కాసేపటికే దారం దురద పెడుతోందని రాజు గోక్కోవడం మొదలుపెట్టాడు.

మంత్రి వాచస్పతి అది చూడలేకపోయాడు. తనంతటి బుద్ధిమంతుడు ఏడు రాజ్యాల్లో లేడని ఆయనకు గట్టి నమ్మకం. రాజు పేరున యుద్ధం సైనికులు చేస్తున్నారు, రాజు పేరున పూజ పురోహితుడు చేస్తున్నాడు, కంకణానికి మాత్రం రాజు చెయ్యే కావాలా అన్నాడు. తిండి సంగతి కనక వంటవాడికి కడితే సరిపోతుందన్నాడు.

రాజుకు ఇది బ్రహ్మాండంగా తోచింది. కంకణం వంటల పేరన్న చేతికి మారింది.

ఇక చూడాలి తమాషా. తెల్లవారకముందే లేస్తానన్న మంత్రి తన కంకణం వాకిటి కావలివాడికి కట్టాడు. ఈత నేర్చుకుంటానన్న సేనాపతి తనది గుర్రాల మల్లుడికి కట్టాడు. సాయంత్రానికి నౌకర్ల చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చన. దొరల చేతులు మాత్రం కడిగిన ముత్యాలు.

ఏడాది తిరిగి మళ్లీ ఉగాది వచ్చింది. మల్లుడు ఏటికి అడ్డంగా అవతలికీ ఇవతలికీ ఈదుతున్నాడని తెలిసి, సేనాపతికి శాలువా కప్పారు. ఏడాదిలో ఒక్కరోజైనా కోడి తనకన్నా ముందు లేవలేదని మంత్రి ఆవులిస్తూ చెప్పాడు. కావలివాడు గుమ్మానికి ఆనుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. మంత్రికీ శాలువా కప్పారు.

తరవాత రాజుగారి పొట్ట కొలిచారు. కిందటేడు కొలిచిన తాడు ఈసారి జానెడు చాలలేదు.

పేరన్నను పిలిచారు. మనిషి పుల్లలా అయిపోయాడు. కంకణం మణికట్టు మీద నిలవక, దండచేతికి బిగించుకున్నాడు. నెయ్యి తగ్గించి వడ్డిస్తే మహారాజు విస్తరి విసిరికొట్టారని, అందుకని తానే నెయ్యి మానేశానని, రాత్రి అన్నం కూడా మానేశానని చెప్పుకున్నాడు. "ఇంకేం మానాలో నాకు తెలియలేదు ప్రభూ" అన్నాడు.

వాచస్పతి పెదవి విరిచాడు. రాజకార్యం చెడగొట్టినవాడికి క్షమాభిక్ష కూడదన్నాడు. వంటశాల ఖాళీగా ఉండకుండా తన బావమరిదిని గరిటెతో సహా వాకిట్లో నిలబెట్టి వచ్చానని కూడా చెప్పాడు. ఎంత ముందుచూపో!

పొద్దు గుంకేలోగా పెళ్లాం పిల్లలతో ఊరొదిలి పొమ్మని రాజు పేరన్నకు ఆజ్ఞ ఇచ్చాడు. పేరన్న ఉత్తరీయంలో మొహం దాచుకున్నాడు.

రాజుకు తాంబూలం అందించే లింగన్న ఇదంతా చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా పేరన్న చేతి తిండి తిన్నవాడు.  చేతులు కట్టుకుని వినయంగా ముందుకు వచ్చాడు.

ఉపవాసం ముగించే పారణ భోజనం లేకుండా కంకణం విప్పితే అరిష్టం కదా అని పురోహితుణ్ణి అడిగాడు. నిజమేనన్నాడు పురోహితుడు. అయితే మహారాజు పేరున పస్తులున్నవాడే మహారాజు పేరున పండగ భోజనం కూడా చేసి వెళ్లాలన్నాడు లింగన్న. అందులో తనకు పోయేదేముందని రాజు సరేనన్నాడు.

రాజుగారి వెండి పీట తెచ్చారు. రాజుగారి అరిటాకు వేశారు. పేరన్న భయంభయంగా కూర్చుని పులిహోర కలుపుతుంటే, లింగన్న కొలువంతా వినేలా చెప్పసాగాడు.

"మహారాజు పులిహోర ఆరగిస్తున్నారు. మహారాజు గారె తుంచుతున్నారు. మహారాజు మూడో బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటున్నారు."

కాగిన నెయ్యి వాసన సింహాసనం దాకా వచ్చింది. రాజు రెండుసార్లు గుటక వేశాడు. ఏడో బొబ్బట్టు దగ్గర ఆయన కడుపు గట్టిగా అరిచింది. నా విస్తరి ఏదని అడిగాడు.

లింగన్న వెండి పళ్లెంలో ఆకూ వక్కా పెట్టి చేతికిచ్చాడు. "భోజనం అయింది కదా ప్రభూ, తాంబూలం వేసుకోండి."

"మతిపోయిందా నీకు? తింటున్నది పేరన్న. వాడు తింటే నా కడుపెలా నిండుతుంది?"

లింగన్న తల వంచి నెమ్మదిగా అన్నాడు:

"పేరన్న తింటే మీ కడుపు నిండనప్పుడు, పేరన్న మానేస్తే మీ పొట్ట ఎలా తగ్గుతుంది ప్రభూ?"

 రాజు పేరన్న దండచెయ్యి వైపు చూశాడు. తన పొట్ట వైపు చూసుకున్నాడు. రెండింటినీ మార్చి మార్చి చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. అంత పొట్టా నవ్వింది.

రాజు పేరన్న చేతి కంకణం తన చేత్తోనే విప్పి, తనకే కట్టించుకున్నాడు. మంత్రి శాలువా తీయించి కావలివాడికి కప్పించాడు. రేపటినుంచి కోడి కూయగానే మంత్రిగారి నెత్తిన కడివెడు చన్నీళ్లు కుమ్మరించే పని కూడా వాడికే అప్పగించాడు. బావమరిది గరిటె పట్టుకుని వచ్చినదారినే పోయాడు.

లింగన్నకు బహుమానంగా తన ముత్యాల హారం వేసి, పళ్లెంలో మిగిలిన బొబ్బట్లన్నీ ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ, ఒక్కటి మాత్రం ఉంచుకుందామని పళ్లెం వైపు చెయ్యి చాచాడు.

చేతికి కట్టిన దారం దురద పెట్టింది. రాజు బొబ్బట్టు వదిలేసి చెయ్యి గోక్కున్నాడు. కొలువు ఘొల్లుమంది.